దిండు మీద డ్రమ్ సాధన: స్టిక్కు తిరిగి లేవని చోట చేతికి నేర్పవలసింది

ఒక డ్రమ్ స్టిక్కును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా పట్టుకుని, దాని కొసను జానెడు ఎత్తు నుంచి రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ మీదికి జారవిడిచి చూడండి. టక్, టక్, టకటకమంటూ అది చాలాసార్లు ఎగిరి, ఆ ఎగరడం క్రమంగా చిన్నదై, చివరికి ఆగుతుంది. అదే స్టిక్కును అదే ఎత్తు నుంచి దూది దిండు మీదికి వదిలితే, దబ్బుమని ఒక్క చప్పుడు చేసి పడ్డచోటే పడి ఉంటుంది. ప్యాడ్ మీద స్టిక్కును పైకి లేపే పనిలో పెద్ద భాగం రబ్బరే చేసిపెట్టింది. దిండు ఆ సాయం చేయదు కాబట్టి ఆ పనంతా చేతి మీద పడుతుంది. డ్రమ్మర్లు రీబౌండ్ అని పిలిచేది ఈ తిరిగి లేచే గుణాన్నే.

డప్పు మోత వింటూ పెరిగినవారికి ఈ సంగతి కొత్తేమీ కాదు. వాయించే ముందు డప్పును మంట దగ్గర కాచి చర్మాన్ని బిగువెక్కిస్తారు. కాగిన డప్పు మీద సిర్రా, సిటికెన పుల్లా తేలిగ్గా ఎగురుతాయి, మోత కూడా ఖంగున పలుకుతుంది. వానకు తడిసి చర్మం సడలితే అవే పుల్లలు అతుక్కున్నట్టు ఉంటాయి, వాయించేవాడి చేయి త్వరగా అలసిపోతుంది. దిండు మీద సాధన చేయడమంటే, ఆ సడలిన డప్పును కావాలని ముందు పెట్టుకోవడమే.

బరువులెత్తితే కండలు వచ్చినట్టు, దిండు మీద కొడితే చేతికి బలం వస్తుందని చాలామంది నమ్మకం. అందులో కొంత నిజం ఉన్నా, దాన్నే లక్ష్యంగా పెట్టుకున్నవారు దిండును బాదడం మొదలుపెడతారు, నెల తిరిగేసరికి బిగుసుకుపోయిన మణికట్టుతో మిగులుతారు. దిండు మీద సాధన చేయవలసింది కొట్టడాన్ని కాదు, ఎత్తడాన్ని. ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

చేతిలో జరిగేదేమిటి

అరచేయి నేలను చూసేలా ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేతిని మాత్రం మణికట్టు దగ్గర పైకి లేపండి. రెండో చేతి వేళ్లతో ముంజేతి పైభాగాన్ని, మోచేతికి కొంచెం కిందుగా తాకితే, అక్కడ కండరం గట్టిపడడం తెలుస్తుంది. చేతిని పైకెత్తేది ఆ కండరాలే. కిందికి దించే కండరాలు ముంజేతి లోపలివైపున ఉంటాయి. బిందె పట్టుకున్నా, బట్టలు పిండినా, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డా ఆ లోపలి కండరాలకు రోజంతా పని ఉంటుంది. పైభాగపు కండరాలకు అంత పని పడదు, అందుకే సాధారణంగా అవి కొంత బలహీనంగా ఉంటాయి. ప్యాడ్ మీద వాయించినంత కాలం ఈ లోటు బయటపడదు, ఎందుకంటే స్టిక్కును ఎత్తే శ్రమలో రబ్బరు వంతు ఎక్కువ. దిండు ముందు కూర్చున్న రెండు నిమిషాలకే ముంజేయి పైన మంట మొదలవుతుంది. ఎడమచేతిలో, లేదా మీకు వాటం తక్కువైన చేతిలో, అది ఇంకా ముందే మొదలవుతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. రీబౌండ్‌ను ఉపయోగించుకోవడమే డ్రమ్ వాయిద్యానికి ప్రాణమని నమ్మే సంప్రదాయం బలమైనది. న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో స్నేర్ డ్రమ్ (డ్రమ్ సెట్టులో వాయించేవారి ఎదురుగా ఉండే, తోలు బిగువైన డ్రమ్ము) వాయించిన బిల్లీ గ్లాడ్‌స్టన్ ఆ తేలికైన వాయింపుకే పేరు పొందాడు. ఆయన దగ్గర నేర్చుకున్న జాజ్ డ్రమ్మర్ జో మొరెల్లో ఆ పద్ధతిని తర్వాతి తరాలకు అందించాడు. ఆ దారిలో వచ్చిన గురువులు కొందరు దిండు సాధన అనగానే ముఖం చిట్లిస్తారు. వారి అభ్యంతరం న్యాయమైనదే, ఎందుకంటే పూర్తిగా దిండు మీదే పెరిగిన చేతికి స్టిక్కును వదిలిపెట్టడం రాదు. అందువల్ల దిండును ప్యాడ్‌కు బదులుగా కాక, ప్యాడ్‌తో పాటు వాడాలి.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన విషయం. మొదట్లో అద్దె గదిలో ఉన్నప్పుడు, పక్కింటివారికి ఇబ్బంది కలగకూడదని దాదాపు ఏడాదిపాటు దిండు మీదే సాధన చేశాను. ఆ తర్వాత ఒక పండుగ కార్యక్రమంలో నిజమైన స్నేర్ ముందు కూర్చుంటే, చేతులు బలంగానే ఉన్నాయి గానీ ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు వరసగా వేసే డబుల్ స్ట్రోక్ రోల్ మొత్తం చిందరవందరైంది. స్టిక్కు తనంతట తాను లేస్తుంటే, నా చేయి దానికంటే ముందే దాన్ని లాగేస్తోంది.

దేని మీద వాయించాలి

ఒక్కసారిగా దిండు దగ్గరికి వెళ్లవద్దు. మందపాటి స్నానపు తువ్వాలును నాలుగు మడతలు వేసి ప్యాడ్ మీదో, బల్ల మీదో పరిస్తే రీబౌండ్ సగానికి పైగా తగ్గినట్టు అనిపిస్తుంది. మొదటి వారం పది రోజులు దానితో సరిపెట్టుకోవడం మంచిది. ఆ తర్వాత దుప్పటి మడత, ఆపైన దిండు. జెల్‌తో చేసిన మూన్‌జెల్ ప్యాడ్ వంటివి ఇదే పని కోసం అమ్ముతారు. అవి దిండులా జారవు, కుంగవు, ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, ఆ మేరకు సౌకర్యమే. అయితే ఇంట్లో దిండు ఉన్నవారు వాటి కోసం డబ్బు పెట్టవలసిన అవసరం లేదు.

దిండ్లన్నీ ఒకటి కావు. బూరుగు దూది దిండు ఎండలో పెట్టిన కొత్తలో మెత్తగా ఉండి స్టిక్కును పూర్తిగా మింగేస్తుంది. ఏళ్ల తరబడి వాడి ఉండలు కట్టిన దూది దిండులో ఒకచోట మెత్తగా, ఒకచోట రాయిలా ఉంటుంది కాబట్టి రెండు చేతులకూ రెండు రకాల ఉపరితలాలు దొరుకుతాయి. అలాంటిదాన్ని వాడకండి. ఫైబర్ దిండు కొద్దిగా ఎగరేస్తుంది, మొదలుపెట్టేవారికి అదే నయం. నొక్కితే గుంట పడి నెమ్మదిగా పూడే రకం ఫోమ్ దిండు మీద వాయిస్తే స్టిక్కు తన గుంటలో తానే పడుతుంది. అది సాధనకు పనికిరాదు. తొడ మీద వాయించే అలవాటు కొందరికి ఉంటుంది. ప్రయాణంలో కాలక్షేపానికి తప్ప దాన్ని నేను సమర్థించను, ఎందుకంటే నొప్పి పుడుతుందేమోనన్న జంకుతో చేయి దెబ్బను మధ్యలోనే ఆపుకుంటుంది. ఆ ఆపుకోవడం అలవాటైతే వదిలించుకోవడం కష్టం.

స్టిక్కు విషయంలో ప్రయోగాలు వద్దు. కిట్ మీద, అంటే డ్రమ్ సెట్టు మీద, ఏది వాడతారో దిండు మీదా అదే వాడండి. చాలామంది చేతిలో ఉండేది 5ఎ రకం. అది సుమారు 16 అంగుళాల పొడవు, 14 మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉంటుంది. బలం త్వరగా రావాలని 2బి వంటి లావు స్టిక్కులను దిండు మీద వాడితే బరువూ, రీబౌండ్ లేమీ రెండూ కలిసి ఒకేసారి మణికట్టు మీద పడతాయి. రెండింటిలో ఒక్కదాన్నే ఎంచుకోవాలి.

కూర్చోవడం, ఎత్తు, పట్టు

మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో దిండు పెట్టుకుని వాయించడం అందరికీ సులువుగా తోచే పద్ధతి. అదే అన్నిటికంటే చెడ్డ పద్ధతి కూడా. నడుము వంగుతుంది, మోకాళ్లు మోచేతులకు అడ్డం వస్తాయి, దిండు మరీ దగ్గరై మణికట్టు లోపలికి విరిగినట్టు తిరుగుతుంది. చేతుల్లేని స్టూలు మీద పాదాలు రెండూ నేలకు ఆనేలా కూర్చుని, ఎదురుగా ఇంకో స్టూలు మీద దిండు పెట్టుకోండి. స్నేర్ స్టాండ్ ఉంటే డ్రమ్ మీదే దిండు పరచవచ్చు. దిండు పైభాగం బొడ్డుకు రెండు మూడు అంగుళాలు కిందుగా ఉండాలి. స్టిక్కు తగిలినప్పుడు అది మరికొంత కుంగుతుందన్న సంగతి గుర్తుంచుకుని ఎత్తును సరిచూసుకోవాలి. లేకపోతే ప్రతి దెబ్బకూ మణికట్టు మరీ కిందికి వంగుతుంది.

పట్టు కోసం మొదట స్టిక్కు ఎక్కడ బాగా ఎగురుతుందో ప్యాడ్ మీద కనుక్కోండి. వెనుక కొస నుంచి సుమారు మూడో వంతు దూరంలో బొటనవేలు, చూపుడువేలు పెట్టి జారవిడిచి, కొంచెం ముందుకూ వెనక్కూ జరుపుతూ చూస్తే, ఒకచోట ఎగరడం స్పష్టంగా ఎక్కువగా ఉంటుంది. ఆ చోటే ఫల్క్రమ్, అంటే స్టిక్కు ఊగే ఇరుసు. అక్కడ పెన్సిల్‌తో సన్నని గీత గీసుకోండి. దిండు మీద వాయించేటప్పుడు వేళ్లు తెలియకుండానే వెనక్కి జారతాయి, ఆ గీత మిమ్మల్ని హెచ్చరిస్తుంది. మిగతా మూడు వేళ్లు స్టిక్కును ఆనుకుని ఉండాలి గానీ అరచేతిలోకి నొక్కకూడదు. పట్టు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే, వాయిస్తుండగా ఎవరినైనా స్టిక్కు ముందు కొసను పట్టుకుని మెల్లగా లాగమనండి. అది కొద్దిపాటి ఒరిపిడితో చేతిలోంచి జారి రావాలి. చేయి కూడా దాంతో పాటు వచ్చిందంటే పట్టు బిగుసుకుపోయినట్టే. నేను ఇక్కడ చెబుతున్నదంతా రెండు చేతులూ ఒకేలా పట్టే మ్యాచ్డ్ గ్రిప్‌కు సంబంధించినది. ఎడమచేతిని వెల్లకిల తిప్పి పట్టే ట్రెడిషనల్ గ్రిప్ వారికి ఎడమవైపు ఎత్తే పని ముంజేతి తిప్పుడుతో జరుగుతుంది కాబట్టి, ఆ చేతికి సమయం సగం తగ్గించుకోవాలి.

మొదటి మెట్టు: ప్యాడ్ మీద చేతులు కాచుకోవడం

చల్లబడిన చేతులతో నేరుగా దిండు మీదికి రాకూడదు. ప్యాడ్ మీద నాలుగైదు నిమిషాలు, ఒక్కో చేతికి ఎనిమిదేసి దెబ్బల చొప్పున, తేలికగా, స్టిక్కును పూర్తిగా ఎగరనిస్తూ వాయించండి. ఇక్కడ మీ ధ్యాసంతా ఒకే విషయం మీద ఉండాలి. దెబ్బ తర్వాత స్టిక్కు ఏ ఎత్తు నుంచి బయలుదేరిందో దాదాపు అదే ఎత్తుకు తిరిగి వస్తోంది, ఆ ఆకృతిని కళ్లతో చూసి పెట్టుకోండి. కాసేపట్లో దిండు మీద మీరు మీ చేత్తో గీయవలసిన బొమ్మ అదే.

రెండో మెట్టు: ఎత్తడం నేర్చుకోవడం

ఈ మెట్టు మీద ఎంత ఓపిక చూపితే మిగతావి అంత సులువవుతాయి. అందుకే దీన్ని కొంచెం నిదానంగా వివరిస్తాను.

మెట్రోనోమ్‌ను (క్రమం తప్పకుండా క్లిక్కులు వినిపించే పరికరాన్ని) 60 దగ్గర, అంటే నిమిషానికి 60 క్లిక్కులకు, పెట్టండి. కుడిచేయి ఒక్కటే, క్లిక్కుకు ఒక దెబ్బ. స్టిక్కు కొస దిండుకు జానెడు ఎత్తున ఉండగా మొదలుపెట్టాలి. క్లిక్కుతో దెబ్బ వేసి, స్టిక్కును దిండు మీదే ఉండనిచ్చి, వేళ్ల పట్టు సడలిందో లేదో ఒక క్షణం గమనించండి. రెండు క్లిక్కుల మధ్య సగం దూరంలో మణికట్టుతో స్టిక్కును మళ్లీ జానెడు ఎత్తుకు లేపండి. దెబ్బ, విరామం, ఎత్తడం, విరామం. ఇలా రెండు నిమిషాలు చేస్తే ఎత్తడం కూడా వేళకు జరగవలసిన ఒక కదలికేనని చేతికి తెలిసివస్తుంది. చాలామంది చేతుల్లో ఎత్తడమనేది ఎప్పుడో ఒకప్పుడు, వచ్చే దెబ్బకు కొంచెం ముందు, హడావిడిగా జరిగిపోతుంది. ప్యాడ్ మీద అలా జరగదు, రబ్బరు వెంటనే లేపేస్తుంది. దిండు మీద ఆ ఆలస్యం బట్టబయలవుతుంది.

ఇప్పుడు రెండింటినీ కలపాలి. క్లిక్కుతో దెబ్బ పడుతుంది, పడిన వెంటనే కాలుతున్న పెనం మీద వేలు తగిలినట్టు స్టిక్కు జానెడు ఎత్తుకు వచ్చి ఆగుతుంది. తర్వాతి క్లిక్కు వరకు అక్కడే నిశ్చలంగా ఉంటుంది. ప్రయత్నమంతా ఆ పైకి రావడంలోనే ఉండాలి, దెబ్బకు స్టిక్కు బరువు చాలు. పైన ఆగినప్పుడు కొస వణుకుతుంటే వేళ్లు బిగించారని అర్థం. భుజం కొద్దిగా పైకి లేస్తుంటే మణికట్టు చేయవలసిన పనిని భుజం మోస్తోందని అర్థం. అద్దం ఎదురుగా కూర్చుంటే ఈ రెండూ కనిపిస్తాయి. కుడిచేతికి రెండు నిమిషాలు, ఎడమచేతికి రెండు నిమిషాలు చేసి, ఇబ్బంది లేదనిపించాక క్లిక్కుకు రెండు దెబ్బలు, ఆ తర్వాత మూడు వేయండి. ఈ మెట్టులో మెట్రోనోమ్‌ను 60 దాటించనవసరం లేదు.

ఇక్కడ ఒక చిట్కా చెబుతాను. దిండు మీద చప్పుడు దాదాపు ఉండదు, అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి సాధన చేసేవారికి అది వరమే. కానీ తప్పులు కూడా వినబడకుండా పోతాయి. పాత క్యాలెండర్ నుంచి ఒక మందపాటి కాగితం చించి, తెల్లటి వెనుకవైపు పైకి ఉండేలా దిండు మీద పరచండి. రీబౌండ్‌లో తేడా రాదు గానీ ప్రతి దెబ్బా ఫట్‌మని వినిపిస్తుంది, ఏ చేయి గట్టిగా పడుతోందో, ఏది వెనకబడుతోందో చెవికి తెలిసిపోతుంది. స్టిక్కు కొసలకు కాస్త బొగ్గుపొడి రాస్తే కాగితం మీద మచ్చలు కూడా పడతాయి. మచ్చ గుండ్రంగా ఉంటే స్టిక్కు నిటారుగా దిగి నిటారుగా లేచింది. తోకచుక్కలా సాగి ఉంటే లేపేటప్పుడు చేయి పక్కకు లాగింది. మచ్చలు రూపాయి బిళ్లలు రెండు పట్టేంత చోటులో గుమిగూడాలి. ఎడమచేతి మచ్చలు కాగితమంతా చల్లినట్టు పడితే మొదట్లో కంగారుపడకండి, అందరికీ అలాగే పడతాయి.

మూడో మెట్టు: సింగిల్ స్ట్రోకులు, ఎత్తుల తేడాలు

కుడి, ఎడమ, కుడి, ఎడమగా, క్లిక్కుకు నాలుగు దెబ్బల చొప్పున 60 దగ్గర ప్రారంభించండి. ఒక నిమిషం వాయించి అర నిమిషం ఆపాలి. రెండు మూడు రోజులకొకసారి నాలుగు బీపీఎం (నిమిషానికి పడే క్లిక్కుల లెక్క) పెంచుకుంటూ 90 దాకా వెళితే కొత్తవారికి అది మంచి గమ్యం. ప్యాడ్ మీద మీ హాయైన వేగం ఎంతో చూసుకుని, దిండు మీద అందులో మూడింట రెండు వంతులకు మించకపోవడం నా నియమం. అంతకు మించితే చేయి ఎత్తును దొంగిలిస్తుంది. జానెడు కాస్తా బెత్తెడై, బెత్తెడు రెండు వేళ్లై, చివరికి స్టిక్కు దిండును గీరుతూ పోతుంది. మీరు వేగంగా వాయిస్తున్నామనుకుంటారు, ఎత్తడం మాత్రం ఎప్పుడో మానేసి ఉంటారు.

ఇది కుదిరాక నాలుగింటిలో మొదటి దెబ్బను జానెడు ఎత్తు నుంచి, మిగతా మూడింటిని రెండు వేళ్ల ఎత్తు నుంచి వేయండి. ఆ తర్వాత పెద్ద దెబ్బను రెండో స్థానానికి, మూడో స్థానానికి, నాలుగో స్థానానికి మార్చండి. పెద్ద దెబ్బ వేసి స్టిక్కును కిందే ఆపడం దిండు మీద చాలా సులువు, ప్యాడ్ మీద కష్టం. చిన్న దెబ్బ వేసి వెంటనే జానెడు ఎత్తుకు లేపడం దిండు మీద చాలా కష్టం. ఆ రెండోదే ఇక్కడ అసలు పాఠం. డ్రమ్మర్లు అప్‌స్ట్రోక్ అనే ఈ కదలికను ఎడమచేతికి విడిగా రోజూ ఒక నిమిషం కేటాయించండి.

నాలుగో మెట్టు: డబుల్ స్ట్రోకులు

ప్యాడ్ మీద కుడి కుడి, ఎడమ ఎడమ అని వేగంగా వాయించేటప్పుడు, ప్రతి జతలో మొదటి దెబ్బ మణికట్టుది. రెండోది చాలావరకు రీబౌండ్ పుణ్యం, వేళ్లు దాన్ని అందుకుని కాస్త తోస్తాయి. దిండు మీద ఆ రెండో దెబ్బ పుట్టనే పుట్టదు. కాబట్టి రెండింటినీ మీరే తయారు చేయాలి. మొదటి దెబ్బకు మణికట్టు దిగుతుంది, అరచేయి కొద్దిగా తెరుచుకుంటూ స్టిక్కు లేస్తుంది, వెనుక మూడు వేళ్లూ మూసుకుంటూ రెండో దెబ్బను వేస్తాయి, మణికట్టు మళ్లీ పైకి వస్తుంది. పిడికిలిలో ఉన్న గింజలను రెండు విడతలుగా చల్లినట్టు ఉంటుంది ఆ కదలిక. మొదట క్లిక్కుకు రెండు దెబ్బల చొప్పున 60 దగ్గర, అంటే నిమిషానికి 120 దెబ్బలే పడేలా, రెండు దెబ్బలూ ఒకే ఎత్తు నుంచి వేయండి. క్యాలెండర్ కాగితం మీద రెండో చప్పుడు మొదటిదాని కంటే చిన్నగా వినిపిస్తున్నంత కాలం వేగం పెంచకండి.

తర్వాత రెండో దెబ్బను కావాలనే పెద్దది చేయండి. మొదటిది రెండు వేళ్ల ఎత్తు నుంచి, రెండోది జానెడు ఎత్తు నుంచి. ఇది చిరాకు పుట్టించే సాధన. నాకు మూడు వారాలు పట్టింది, అదీ నిమిషానికి మించి చేయలేకపోయాను. కానీ తర్వాత స్నేర్ మీద రోల్ వాయించినప్పుడు జతలోని రెండు దెబ్బలూ సమానంగా వినిపించడానికి ఇంతకంటే దగ్గరి దారి నేను చూడలేదు. జతను ఒకడుగు పక్కకు జరిపి కుడి, ఎడమ ఎడమ, కుడి అని వాయిస్తే అదే రోల్ తలకిందులై, ఏ చేయి ఎక్కడ తడబడుతోందో ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

అయిదో మెట్టు: పారాడిడిల్, ఆపైన ఏవి వద్దు

కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ అనే పారాడిడిల్‌లో సింగిల్స్, డబుల్స్, ఎత్తుల మార్పు మూడూ కలిసి వస్తాయి కాబట్టి పై మెట్లన్నీ కుదిరాకే దీన్ని మొదలుపెట్టాలి. మొదటి దెబ్బ జానెడు, మిగతా మూడూ రెండు వేళ్లు. జతలోని రెండో దెబ్బ పడే వేళకే అవతలి చేయి తర్వాతి పెద్ద దెబ్బ కోసం పైకి లేచి ఉండాలి. మధ్యలో చిక్కుముడి అక్కడే పడుతుంది. ఫ్లామ్‌లు (పెద్ద దెబ్బకు కాస్త ముందు అవతలి చేత్తో చిన్న దెబ్బ ఆనించి వేసేవి) కూడా వాయించవచ్చు, నెమ్మదిగా, ఎత్తులు చూసుకుంటూ.

అమెరికాలో రూడిమెంటల్ డ్రమ్మర్ల సంఘం 1933లో 13 ముఖ్యమైన రూడిమెంట్లను (డ్రమ్ వాయింపులోని ప్రాథమిక దెబ్బల వరసలను) నిర్ణయించగా, పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ఆ జాబితాను 40కి విస్తరించింది. ఆ 40 మొత్తాన్నీ దిండు మీద పూర్తి చేస్తానని పంతం పట్టేవారున్నారు. అందులోనే ఉన్న మల్టిపుల్ బౌన్స్ రోల్, అంటే స్టిక్కును నొక్కి జరజరలాడించే బజ్ రోల్, దిండు మీద సాధ్యం కాదు, ఎందుకంటే అది పూర్తిగా రీబౌండ్ మీద ఆధారపడినది. వేళ్లతో మాత్రమే స్టిక్కును ఆడించే వేగపు సాధన కూడా ఇక్కడ పనికిరాదు. వాటిని ప్యాడ్‌కు వదిలేయండి.

ఆరో మెట్టు: ప్యాడ్ మీదికి తిరిగి రావడం

దిండు మీద చేసిందాన్నే, అదే వేగంతో, వెంటనే ప్యాడ్ మీద చేయాలి. ఇసుకలో నడిచి తారురోడ్డు ఎక్కినట్టు చేతులు ఒక్కసారిగా తేలికైపోతాయి. ఆ తేలికతనం మురిపించి వేగం పెంచమంటుంది, పెంచకండి. ఆ నిమిషంలో మీ చేతులు అవసరానికి మించిన బలంతో ఎత్తుతున్నాయి. స్టిక్కు దానంతట అది లేస్తున్నప్పుడు ఆ బలాన్ని ఎంతవరకు ఉపసంహరించుకోవచ్చో వెతకడమే ఈ మెట్టు. ఒక్కో దెబ్బకూ ఎత్తే ప్రయత్నాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ, స్టిక్కు ఎత్తు మాత్రం తగ్గకుండా చూసుకుంటూ పోతే, ఒక దశలో చేయి కేవలం తోడు వెళ్తున్నట్టు అనిపిస్తుంది. దిండు మీద గడిపినంత సేపూ ఇక్కడా గడపాలి. సమయం లేని రోజున దిండును మానేయండి గానీ దీన్ని మానకండి.

ఇరవై నిమిషాలు దొరికితే నాలుగు నిమిషాలు కాచుకోవడానికి, ఎనిమిది దిండుకు, ఎనిమిది ప్యాడ్‌కు ఇవ్వండి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, మొదటి నెలకు చాలు. అంతకు ముందు చెప్పిన తువ్వాలు మడత దశను కూడా ఈ లెక్కలోనే కలుపుకోవాలి. ట్రినిటీ, రాక్‌స్కూల్ వంటి సంగీత సంస్థల గ్రేడ్ పరీక్షలకు సిద్ధమవుతున్నవారు పరీక్షకు వారం ముందు దిండును పక్కన పెట్టి, పూర్తిగా డ్రమ్ మీదే ఉండడం మేలు.

నొప్పి ఎప్పుడు మామూలు, ఎప్పుడు కాదు

ముంజేతి పైభాగంలో పరచుకున్నట్టుండే మంట, ఆపిన ఒకటి రెండు నిమిషాల్లో తగ్గేది, అలసట మాత్రమే. మోచేతి బయటి ఎముక దగ్గర వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, మణికట్టులో సూది గుచ్చినట్టు రావడం, వేళ్లలో తిమ్మిరి, మర్నాడు పొద్దున నీళ్ల చెంబు ఎత్తుతుంటే కలుక్కుమనడం, ఇవి అలసటలు కావు. క్రికెట్ అభిమానులకు సచిన్ మోచేతి ద్వారా పరిచయమైన టెన్నిస్ ఎల్బో అనే బాధ, చేతిని పైకెత్తే ఈ కండరాలు ఎముకకు అతుక్కునే చోటే పుడుతుంది. అలాంటి సూచన కనబడితే ఆ రోజుకు స్టిక్కులు కింద పెట్టండి, నొప్పి పూర్తిగా పోయేవరకు దిండు జోలికి వెళ్లకండి. రెండు వారాలైనా తగ్గకపోతే ఎముకల వైద్యుడికో ఫిజియోథెరపిస్టుకో చూపించండి. రోజంతా కంప్యూటర్ ముందు కీబోర్డు మీద పనిచేసేవారికి ఆ కండరాలు సాయంత్రానికే అలసి ఉంటాయి కాబట్టి, వారు దిండు సాధనను ఉదయానికి మార్చుకోవడం మంచిది.

కిట్ మీద ఇది ఎక్కడ అక్కరకొస్తుంది

స్నేర్ మీద వాయించిన రోల్‌ను అలాగే ఫ్లోర్ టామ్ (కిట్‌లో నేల మీద కాళ్లపై నిలబడే పెద్ద డ్రమ్ము) మీదికి తీసుకెళ్లి చూడండి. 16 అంగుళాల ఫ్లోర్ టామ్ తోలు స్నేర్ కంటే చాలా వదులుగా ఉంటుంది, స్నేర్ మీద చక్కగా వచ్చిన డబుల్స్ అక్కడ బురదలో కూరుకుపోతాయి. దిండు సాధన ఫలితం మొదట కనిపించేది ఆ మార్పులోనే. డ్రమ్ముల శ్రుతిని బాగా దించి, బట్ట కప్పి వాయించే పద్ధతి ఇంకొకటి. 1960ల చివర్లో రింగో స్టార్ డ్రమ్ముల మీద టీ తువ్వాళ్లు పరిచి రికార్డు చేసిన ఆ మొద్దు మోత ఇప్పటికీ స్టూడియోల్లో అడుగుతుంటారు. అలాంటి డ్రమ్ముల మీద స్టిక్కు దాదాపు దిండు మీద ఉన్నట్టే స్పందిస్తుంది. పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ, చర్చిల్లోనూ వాయించేవారికి తమది కాని కిట్ ముందు కూర్చోవలసి రావడం మామూలే. తోలు మార్చి ఎన్నేళ్లైందో తెలియని స్నేర్, ఒక వైపు నట్లు ఊడిన టామ్ ఎదురైనప్పుడు రీబౌండ్ మీద నమ్మకం పెట్టుకున్న చేయి తెల్లబోతుంది, ఎత్తడం నేర్చిన చేయి సర్దుకుంటుంది. ఎలక్ట్రానిక్ కిట్ వాడేవారికి దీని అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మెష్ హెడ్‌లు (తోలుకు బదులు బిగించే వల ఉపరితలాలు) మామూలు తోలు కంటే ఎక్కువగా ఎగరేసి చేతిని గారాబం చేస్తాయి.

మొదటి రోజు బొగ్గు మచ్చలు పడిన క్యాలెండర్ కాగితాన్ని పారేయకుండా, వెనుక తేదీ రాసి దాచుకోండి. నెల తర్వాత అదే వ్యాయామం, అదే వేగం, అన్నే దెబ్బలతో కొత్త కాగితం తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టండి. ఎడమచేతి వైపు మచ్చలు ఇంకా తోకలతోనే ఉంటే, నాలుగో మెట్టు దాకా వచ్చినా సరే, రెండో మెట్టుకు తిరిగి వెళ్లి, 60 దగ్గర ఒక్క చేత్తో మళ్లీ మొదలుపెట్టండి.